చెప్తే నేర్చుకునే పిల్లని తెలుగులో ఏమంటారు? ‘విధేయురాలు’ వద్దు

సరళీవరసల టీచర్, చెన్నై
అందరికీ నమస్తే. మాది చెన్నై నంగనల్లూరు, ఇంట్లో తెలుగే గానీ చదువంతా తమిళం, ఇంగ్లిష్ కాబట్టి రాయాలంటే మాటలు తడుముకోవాల్సి వస్తుంది. ఇంటి దగ్గరే పిల్లలకి పాట చెప్తాను. అందులో ఒక పన్నెండేళ్ళ పాప ఉంది, వాళ్ళ నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయ్యి విజయవాడ వెళ్ళిపోతున్నారు. నాకు పాట చెప్పిన అమ్మగారు అక్కడే ఉంటారు, ఈ పాపని చేర్చుకోమని ఆవిడకి ఒక ఉత్తరం రాయాలి, తెలుగులోనే రాయాలి, లేకపోతే ఆవిడ చదవను కూడా చదవరు.

చెప్పాల్సింది ఒక్కటే, ఈ పిల్లకి నేర్పడం సులువు అని. విధేయురాలు అంటే లీవ్ లెటర్ కింద సంతకంలా ఉంది. అణకువ గల అమ్మాయి అంటే పెళ్ళి బయోడేటా. ఇక్కడ తమిళం వాళ్ళు ‘రొంబ సమత్తు’ (చాలా బుద్ధిగల పిల్ల) అనేసి ఊరుకుంటారు, అదీ సరిపోదు.

పిల్ల ఎలాంటిదో చెప్తా, మాట మీరే చెప్పండి. పిల్లలకి మొదట నేర్పే మాయామాళవగౌళ రాగంలో రి స్వరం దాదాపు స ని ఆనుకునే ఉంటుంది కదా, కొత్త పిల్లలందరూ దాన్ని పైకి లాగేస్తారు. ఈ పాపకి ఒకసారి ‘ఇంకాస్త కిందకి’ అన్నానంటే శ్రుతి బాక్స్‌కి చెవి పెట్టి మళ్ళీ ఎత్తుకుంటుంది, తర్వాత తప్పు పడితే నేను నోరు తెరిచేలోపు తనే ఆగి సరిచేసుకుంటుంది. ఊరికే ఊఁ కొట్టే రకం కూడా కాదు, ‘రి అంత కిందుంటే గ అంత పైకి ఎందుకు వెళ్ళింది ఆంటీ’ అని అడుగుతుంది. నోట్సు తమిళ లిపిలో రాసుకుంటుంది, అందులో క, గ ఒకటే అక్షరం కాబట్టి పాట పుస్తకాల్లో గ అని పలకాల్సిన చోట చిన్న 3 అంకె వేస్తారు, అది ఒక్కటి కూడా వదలదు.

రిటైర్డ్ తెలుగు అయ్యవారు
అమ్మా, మీ ఇబ్బంది న్యాయమే. విధేయత అంటే చెప్పింది చెయ్యడం, మీ పిల్ల చేసేది చెప్పింది పట్టుకోవడం, రెండూ వేరు. ఎవరో ఒకరు వచ్చి ఏకసంథాగ్రాహి అని రాయమంటారు చూడండి, రాయకండి, అది ఒక్కసారి వింటే అప్పజెప్పేవాళ్ళకి, జ్ఞాపకం గురించిన మాట. ఒక్క పదం కోసం వెతక్కుండా ‘చెప్తే ఇట్టే అందుకుంటుంది’ అని రాసేయండి, మనవాళ్ళు ఇలాంటివి క్రియతోనే చెప్తారు. ఇంకోటి, ఆ సమత్తు మన సమర్థ నుంచి వచ్చిందే. మనకి సమర్థుడంటే పని చక్కబెట్టేవాడు, అరవంలో అల్లరి చెయ్యకుండా కూర్చునే పిల్లాడయ్యాడు పాపం.

ఓఎంఆర్ ట్రాఫిక్ బాధితుడు
నేను హెచ్ఆర్‌లో పని చేస్తా, ఈ గోల మాకు ప్రతి అప్రైజల్‌కీ ఉంటుంది. ‘కోచబుల్’ (చెప్తే నేర్చుకుంటాడు) అని రాస్తారు, మేనేజర్ మనసులో మాత్రం ‘ఎదురు చెప్పడు’ అని. ఇంగ్లిష్‌లోనూ అదే కథ, డోసైల్ అన్న మాట లాటిన్‌లో నేర్పడం అనే క్రియ నుంచి పుట్టింది, డాక్టర్, డాక్యుమెంట్ కూడా ఆ కుటుంబమే, మొదట్లో నేర్పితే నేర్చుకునేవాడు అనే అర్థం, పోను పోను తల వంచుకుని పడుండేవాడు అయిపోయింది. మేనేజ్ అయితే గుర్రాల శిక్షణ దగ్గర్నుంచి వచ్చింది, అందుకే మా ఆఫీసులో కళ్ళెం ఎప్పుడూ గట్టిగా లాగుతుంటారు 😅
మన దగ్గర దీనికి ‘చెప్పుచేతల్లో ఉంటాడు’ అని ఉంది, కానీ అది ఉత్తరంలో రాస్తే పిల్లని మీరు గుప్పిట్లో పెట్టుకున్నట్టుంటుంది అక్కా.

కావలి తాత
మాలిమి అని ఒక మాట ఉంది, మచ్చిక అన్నట్టు, మీ తరానికి తెలుసో లేదో. మా ఊళ్ళో కొత్త ఎద్దుని కాడికి అలవాటు చెయ్యాలంటే ముదురు ఎద్దు పక్కన కట్టి ఖాళీ బండి లాగించేవాళ్ళం. కొన్ని రెండు మూడు రోజుల్లో దారిలో పడతాయి, కొన్ని దాపల (ఎడమ పక్క) కడితే వలపలకి (కుడి పక్కకి) తోస్తాయి. మాలిమి అయిన ఎద్దు వేరు, గంగిరెద్దు వేరు, గంగిరెద్దు ఏం అడిగినా తలూపుతుంది, దాంతో దుక్కి దున్నగలవా? అయినా ఆడపిల్లకి ఎద్దు మాట రాయొద్దులేమ్మా, నాకు గుర్తొచ్చి చెప్పా.

మైలాపూర్ కోడలు
టీచర్ గారూ, మీ పోస్టులోనే ఉంది కదండీ, సరిచేసుకుంటుంది అని. దాన్ని ‘దిద్దుకుంటుంది’ చేయండి. మా నాయనమ్మ పలక మీద అ ఆలు దిద్దించేప్పుడు చేయి పట్టుకుని రెండుసార్లు తిప్పి వదిలేసేది, మూడోసారి మనమే దిద్దుకోవాలి. కొందరు పిల్లలకి ఆ రెండుసార్లు చాలు, కొందరికి చేయి వదిలితే సున్నా కాస్తా కోడిగుడ్డు అవుతుంది. పెద్దావిడకి ‘దిద్దితే దిద్దుకునే పిల్ల’ అంటే వెంటనే అర్థమవుతుంది.

ఓఎంఆర్ ట్రాఫిక్ బాధితుడు
ఇది బాగుంది. కానీ ఎందుకు ఎందుకు అని అడుగుతుంది అన్న సంగతి రాయకండి, పాతకాలం వాళ్ళకి అది తలబిరుసు.

రిటైర్డ్ తెలుగు అయ్యవారు
ఎందుకు రాయకూడదు నాయనా? వినదగు నెవ్వరు చెప్పిన అని చిన్నప్పుడు అందరం బట్టీ పట్టినవాళ్ళమే, ఆ తర్వాత పాదం వినినంతనె వేగపడక అని ఉంది. విన్నాక నిజమా కాదా చూసుకోమన్నాడే గానీ తలూపమనలేదు. పాత గురువులకి ఆ పద్యం నోటికి వస్తుంది, ఏమీ అనుకోరు.

సరళీవరసల టీచర్, చెన్నై
అందరికీ చాలా థ్యాంక్స్. ఇలా రాశాను: ‘అమ్మగారూ, దిద్దితే దిద్దుకునే పిల్ల. చెప్పింది ఇట్టే అందుకుంటుంది, అర్థం కాకపోతే అడుగుతుంది, విసుక్కోకండి.’ మా అమ్మగారు విసుక్కుంటారు, నాకు తెలుసు, అందుకే ఆ చివరి మాట.
ఇంకో పిల్లాడు ఉన్నాడండీ, ఎంత బుద్ధిమంతుడంటే చాప మడతపెట్టి మరీ వెళ్తాడు, ఎదురు మాటాడడు, శ్రుతి మాత్రం ఇప్పటిదాకా కలవలేదు. వాడి గురించి వాళ్ళమ్మ అడిగితే ఏం చెప్పాలి?

మైలాపూర్ కోడలు
సమత్తు అని చెప్పేయండి, మృదంగంలో చేర్పించమనండి 😀