నిఠారి తీర్పు తర్వాత కూడా ఉరిశిక్ష ఉండాలా?

కృష్ణలంక:
2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్‌పై (రివ్యూ కూడా అయిపోయాక వేసే చివరి పిటిషన్) సురేంద్ర కోలీని, అతనిపై మిగిలిన ఒక్క కేసులో నిర్దోషిగా వదిలేసింది. నోయిడాలోని నిఠారిలో పిల్లల హత్యలు బయటపడిన 2006 నుంచి దేశమంతా రాక్షసుడన్న మనిషి. 2011లో ఇదే కోర్టు అతని ఉరిని ఖాయం చేసింది. 2014 సెప్టెంబర్‌లో ఉరి తీయడానికి మీరట్ జైలుకు కూడా తెచ్చారు. అర్ధరాత్రి దాటాక స్టే వచ్చింది. 2015లో హైకోర్టు ఉరిని యావజ్జీవం చేసింది. ఎందుకు? క్షమాభిక్ష ఫైలు తేల్చడంలో బాగా ఆలస్యమైందని. నేరం మీద అనుమానంతో కాదు. ఆ ఫైలు తొందరగా కదిలుంటే ఈ విడుదల ఎవరికి?

గట్టి మాట:
బాధగానే ఉంది. కానీ పిల్లల్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రుల గురించి కూడా ఒక్క ముక్క రాయండి సార్. దర్యాప్తు సరిగ్గా చేయలేకపోతే పోలీసుల్ని అడగండి, శిక్షనే ఎందుకు తీసేయాలి? ముంబై దాడుల కసబ్ కెమెరాకు చిక్కాడు, ప్రాణాలతో దొరికాడు. 2012లో ఉరి తీశారు. అందులో అనుమానం ఏముంది? అనుమానం ఉంటే యావజ్జీవం వేయండి, లేకపోతే ఉరి వేయండి.

కృష్ణలంక:
తల్లిదండ్రుల గురించే అడుగుతున్నాను. ఇప్పుడు వాళ్ల చేతిలో ఏముంది?

ఇక అనుమానం సంగతి. అనుమానం ఉంటే ఉరి కాదు కదా, అసలు శిక్షే పడకూడదు, చట్టం అదే. 2009లో సెషన్స్ కోర్టుకు గానీ, 2011లో సుప్రీంకోర్టుకు గానీ అనుమానం రాలేదు. కోలీ నేరాంగీకారం 60 రోజులు పోలీసు కస్టడీలో ఉంచాక తీసుకున్నదని అప్పుడూ అందరికీ తెలుసు. మిగతా 12 కేసుల్లో అదే వాంగ్మూలం చెల్లదని 2023లో హైకోర్టు కొట్టేసేదాకా ఈ ఒక్క కేసు కదల్లేదు.

ఇదొక్కటే కాదండి. మహారాష్ట్రలో 2003 నాటి కేసులో ఆరుగురు సంచార జాతి మనుషులకు 2009లో సుప్రీంకోర్టు ఉరి ఖాయం చేసింది. అందులో ముగ్గురికి హైకోర్టు యావజ్జీవం వేస్తే, దాన్ని పెంచి మరీ వేసింది. 2019లో అదే కోర్టు ఆరుగురినీ నిర్దోషులంది. ప్రత్యక్ష సాక్షి పోలీసుల ఫొటోల్లో గుర్తుపట్టింది వేరే వాళ్లని!

గట్టి మాట:
మహారాష్ట్ర సంగతి తెలియదు, చదివి ఒళ్లు మండింది. సరే, సాక్షుల మాట, వాంగ్మూలం వద్దు. డీఎన్ఏ లాంటి సైంటిఫిక్ సాక్ష్యం ఉంటేనే ఉరి అని రాసుకుందాం. దీనికేమంటారు?

కృష్ణలంక:
మా విజయవాడ సంగతే తీసుకోండి. 2007లో హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య. పట్టుకున్న కుర్రాడికి డీఎన్ఏ కలిసిందనే చెప్పారు. అతను కాదని ఆ అమ్మాయి తల్లే మొత్తుకుంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాక 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది. ఉరి పడలేదు కాబట్టి బయటికొచ్చాడు.

మీ నిబంధన పెట్టినా శాంపిల్ సేకరించేదీ, సీలు వేసేదీ, ల్యాబ్‌కి పంపేదీ అదే స్టేషన్. మీడియా, మంత్రులు రోజూ నిందితుడెక్కడ అని అడుగుతున్న టెన్షన్‌లో ఉన్న స్టేషన్. ఇలాంటి పెద్ద కేసుల్లోనే తప్పుడు మనిషిని తెచ్చే అవకాశం ఎక్కువ, ఉరి పడేది కూడా వీటిలోనే. దీనికి మీ దగ్గర జవాబుంటే రాయండి, నిజంగా వింటాను.