టిక్ ఫీవర్ అనుమానం: రక్తం తీయకుండా డాక్సీ రాసే డాక్టర్ని నమ్మొచ్చా?

స్మియర్_స్లైడు (చర్చ మొదలు)

కుక్క రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు. జ్వరం 104 ఉంది, చెవుల వెనక పిడుదులు కనబడ్డాయి. ఒక క్లినిక్‌లో పొట్ట నొక్కి, చిగుళ్లు చూసి డాక్సీసైక్లిన్ (డాక్సీ అని పిలిచే యాంటీబయాటిక్) రాసి పంపేస్తారు. ఇంకో క్లినిక్‌లో సీబీసీ (రక్తకణాల లెక్క), స్మియర్ (గాజు స్లైడు మీద రక్తం పూసి చూడడం), ర్యాపిడ్ కిట్, లివర్, కిడ్నీ, పీసీఆర్ (క్రిమి డీఎన్‌ఏను వెతికే పరీక్ష) అన్నీ రాస్తారు. మొదటాయన సరిగ్గా చూడలేదని, రెండో ఆయన బిల్లు పెంచుతున్నాడని మనవాళ్ల ఫిర్యాదు. ఇద్దరిలో ఎవర్ని నమ్మాలి?

నా మాట ఇది: మొదటి మాత్ర గొంతు దిగకముందే 2 మి.లీ. రక్తం బయటికి రావాలి. డాక్సీ పడిన కొద్ది రోజులకే రక్తంలో ఎర్లీషియా (పిడుదుల వల్ల సోకే బాక్టీరియా) తగ్గిపోతుంది, ఆ తర్వాత పీసీఆర్ నెగెటివ్ వచ్చినా దానికి అర్థం ఉండదు. పదో రోజున కుక్క ఇంకా నీరసంగానే ఉంటే అసలు జబ్బేమిటో తేల్చే దారి మూసుకుపోయినట్టే. ఆ దారి తెరిచి ఉంచే డాక్టర్నే నేను నమ్ముతాను.

మండల_పశువైద్యం

ఒప్పుకోను. ఆదివారం సాయంత్రం, మండల కేంద్రం, ల్యాబు నలభై కిలోమీటర్ల దూరం. అప్పుడు పరీక్ష కోసం ఆగితే కుక్కకే నష్టం. మన దగ్గర పిడుదులున్న కుక్కకు జ్వరం, ఆకలి లేకపోవడం, పొట్ట మీద ఎర్రచుక్కలు కలిసి కనబడితే ముందు అనుమానించాల్సింది ఎర్లీషియానే. డాక్సీ దానికీ, పిడుదుల వల్లే సోకే అనాప్లాస్మాకూ పనిచేస్తుంది, లెప్టోస్పైరా అనే ఇంకో బాక్టీరియా ఉన్నా దాని మీదా పనిచేస్తుంది. ఎర్లీషియా కొత్తగా సోకినదైతే 24 నుంచి 72 గంటల్లో జ్వరం దిగి, తిండి మొదలవుతుంది. ఆ మార్పు కూడా పరీక్ష లాంటిదే.

ర్యాపిడ్ కిట్ మీద అందరూ పెట్టుకున్న నమ్మకం గురించీ చెప్పాలి. మామూలుగా వాడే కిట్ యాంటీబాడీలను చూస్తుంది. జబ్బు సోకిన మొదటి వారాల్లో యాంటీబాడీలు తయారు కాక నెగెటివ్ రావచ్చు. జబ్బు నయమయ్యాక కూడా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి పాజిటివే రావచ్చు. కిట్ నెగెటివ్ వచ్చిందని మందు ఆపడమూ తప్పే, పాజిటివ్ వచ్చిందని ఆరోగ్యంగా గెంతుతున్న కుక్కకు మళ్లీ 28 రోజులు మందు వేయడమూ తప్పే.

డాక్టర్ని నమ్మాలా వద్దా అన్నది తూకం దగ్గరే తేలుతుంది. డాక్సీ మోతాదు కిలోకు రోజుకు 10 మి.గ్రా. ఒకేసారి వేయొచ్చు, 5 చొప్పున రెండు పూటలా వేయొచ్చు. వ్యవధి 28 రోజులు. 25 కిలోల ల్యాబ్రడార్‌కు రోజుకు 250 మి.గ్రా., అంటే 100 మి.గ్రా. మాత్రలు మొత్తం 70 కావాలి. కుక్కను తూచకుండా 'రోజుకొక మాత్ర, అయిదు రోజులు' అని రాసిన చీటీ చూస్తే అక్కడే అనుమానించండి. క్లినిక్‌లో పెద్ద తూకం లేకపోతే కుక్కను ఎత్తుకుని ఇంటి తూకం మీద నిలబడి, తర్వాత మీ బరువు తీసేస్తే సరిపోతుంది.

స్మియర్_స్లైడు

డాక్టరు గారూ, ఫలితం వచ్చేదాకా మందు ఆపమని నేను అనలేదు. రక్తం తీసి పక్కన పెట్టండి, మందు ఆ నిమిషమే మొదలుపెట్టండి. పరీక్ష రేపు చేయించుకోవచ్చు.

ఆ రక్తం తీసే తీరులోనే సగం తప్పులు జరుగుతాయి. ఊదా మూత ఈడీటీఏ ట్యూబును (రక్తం గడ్డకట్టనివ్వనిది) గీత దాకా నింపాలి, సగంలో ఆపితే లెక్కలు తేడా వస్తాయి. నింపగానే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. నరం దొరక్క సూదితో వెతుకుతూ తీసిన రక్తంలో ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి. మిషన్ ఆ గుంపులను లెక్కించలేక 40 వేలు అని చూపిస్తుంది, నిజంగా లక్షన్నర ఉండొచ్చు. కుక్కకు మామూలుగా 2 నుంచి 5 లక్షలు ఉండాలి. మనుషుల ల్యాబుకు పంపితే ఇంకా చిక్కు, అక్కడి మిషన్‌లో కుక్క రక్తానికి తగ్గ సెట్టింగు ఉండకపోవచ్చు.

అందుకే స్లైడు తప్పనిసరి. మైక్రోస్కోపు ఆయిల్ లెన్సు కింద కణాలు ఒకే పొరగా పరుచుకున్న చోట పది ఫీల్డులు (ఒక్కసారికి కనబడే మేర ఒక ఫీల్డు) చూసి, సగటున ఫీల్డుకు ఎన్ని ప్లేట్‌లెట్లున్నాయో లెక్కపెట్టి 15,000తో హెచ్చిస్తే ఉజ్జాయింపు అంకె వస్తుంది. స్లైడు అంచున గుంపులున్నాయా అన్నదీ చూడాలి. 'ప్లేట్‌లెట్లు తగ్గాయి' అన్న డాక్టర్ని స్లైడు చూశారా అని అడగండి. ఆ ప్రశ్నకు నొచ్చుకోవాల్సిన పని లేదు.

రాకీ_వాళ్ళమ్మ

మీ ఇద్దరి వాదన మందూ పరీక్షా చుట్టే తిరుగుతోంది. మా పెంపకందార్ల నమ్మకం పోయేది పేరు చెప్పని ఇంజెక్షన్ దగ్గర. వెళ్లగానే రెండు సూదులు వేస్తారు, సాయంత్రానికి కుక్క లేచి తింటుంది, ఇంటిల్లిపాదీ సంతోషపడతారు. అందులో ఒకటి డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ అయితే జ్వరం దిగడమూ ఆకలి పుట్టడమూ దాని ప్రభావం కావచ్చు. 72 గంటల్లో వచ్చే మార్పే పరీక్ష లాంటిదని మండల_పశువైద్యం గారు అంటున్నారు. స్టెరాయిడ్ పడిన కుక్కలో ఆ మార్పును నమ్మేదెట్లా? మర్నాడు తీసిన రక్తంలో తెల్లకణాల లెక్క కూడా మారిపోతుంది.

కాబట్టి అడగాల్సింది చీటీ. కుక్క బరువు, మందు అసలు పేరు, మి.గ్రా., ఎన్ని రోజులు, క్లినిక్‌లో వేసిన ఇంజెక్షన్ల పేర్లు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు అందులో ఉండాలి. 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం పశువైద్యం చేయాల్సింది రిజిస్టరైన డాక్టర్లే. ఇంటికొచ్చి సూది వేసే కాంపౌండర్ డాక్టరు పర్యవేక్షణ లేకుండా వైద్యం నడిపితే అది వేరే సంగతి, దాన్ని డాక్టర్ల లెక్కలో వేయకండి.

ఇంకో మాట. ఒకే చీటీలో డాక్సీ, ఐరన్ టానిక్కు రెండూ ఉదయమే అని రాయడం చాలా మామూలైపోయింది. ఐరన్ డాక్సీని పట్టేసి ఒంటికి అందనివ్వదు. యాంటాసిడ్లు, సుక్రల్‌ఫేట్ కూడా అంతే. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పాలు, పెరుగు కొంత తగ్గిస్తాయి కాబట్టి మాత్రను పెరుగన్నంలో కాకుండా కోడిమాంసం కలిపిన ముద్దలో పెట్టండి. ఉత్త కడుపున వేస్తే వాంతి చేసుకుంటుంది. మాత్ర అన్నవాహికలో అతుక్కుంటే పుండు పడొచ్చు, అందుకే వెనకాలే కొంచెం నీళ్లు పట్టండి.

మండల_పశువైద్యం

డెక్సా విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నా. మొదటి రోజే కారణం లేకుండా వేయడం తప్పు. అయితే 'స్టెరాయిడ్ వేశారు కాబట్టి మోసం' అని ముద్ర వేయకండి. ప్లేట్‌లెట్లు 20 వేలకు పడిపోయి ముక్కు నుంచి రక్తం కారుతుంటే, ఒంటి రక్షణ వ్యవస్థే వాటిని చంపుతోందన్న అనుమానంతో ప్రెడ్నిసొలోన్ కిలోకు 1–2 మి.గ్రా. కొద్ది రోజులు డాక్సీతో కలిపి ఇవ్వొచ్చు. అది ఎందుకిస్తున్నారో డాక్టరు చెప్పాలి, అంతే. ఆ స్థితిలో మెలోక్సికామ్ లాంటి నొప్పి మందులు మాత్రం వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. ఇంట్లో ఉన్న ఐబూప్రొఫెన్ ఎప్పుడూ వద్దు.

'టిక్ ఫీవర్ ఇంజెక్షన్ వేయండి' అని జనమే ఒత్తిడి చేస్తారు. వాళ్లడిగేది ఇమిడోకార్బ్. అది బబీసియాలో (పిడుదుల వల్ల సోకి ఎర్రకణాల్లో చేరే పరాన్నజీవి) పెద్ద రకానికి పనిచేస్తుంది: కిలోకు 6.6 మి.గ్రా., కండలోకి, 14 రోజుల ఎడంతో రెండుసార్లు. చొంగ, వాంతి రాకుండా ముందు అట్రోపిన్ వేస్తారు. నరంలోకి ఎక్కించకూడదు. ఎర్లీషియాకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. మన దేశంలో బాగా కనిపించే చిన్న రకం, బబీసియా గిబ్సోని, దానికి లొంగదు. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి 10 రోజులు వాడాలి. అటోవాక్వోన్ కొవ్వున్న తిండితో ఇస్తేనే ఒంటికి పడుతుంది, ఖరీదూ ఎక్కువే.

స్మియర్_స్లైడు

నా వాదనకు మీరే బలమిచ్చారు. గిబ్సోనిని డాక్సీ ఒక్కటే నయం చేయదు. చిగుళ్లు తెల్లబడి, మూత్రం కాఫీ రంగుకు తిరిగిన కుక్కను 'మూడు రోజులు చూద్దాం' అని పంపిస్తే ఆ మూడు రోజుల్లో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 30 నుంచి 15కి పడిపోవచ్చు. అప్పుడు రక్తం ఎక్కించాల్సి వస్తుంది. చెవి అంచున గుచ్చి తీసిన చుక్కతో చేసిన స్లైడులో బబీసియా దొరికే అవకాశం ఎక్కువ.

షెల్టర్_వంటగది

మందు పనిచేయలేదని డాక్టర్ని తిట్టేవాళ్లు ఇల్లు చూసుకోవాలి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్కను వదిలి గోడెక్కి పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి ఇంట్లో ఉంటాయి. పిడుదులను చంపే ఫ్లురలానర్ మాత్ర 12 వారాలు, అఫాక్సొలానర్ నెల రోజులు పనిచేస్తాయి. మూర్ఛలున్న కుక్కకైతే డాక్టరుకు ముందే చెప్పాలి. ఏడో రోజున కుక్క హుషారుగా ఉందని డాక్సీ ఆపేసి, రెండు నెలలకు జబ్బు తిరగబెడితే తప్పు చీటీది కాదు.

మండల_పశువైద్యం

స్మియర్_స్లైడు గారూ, చిగుళ్లు తెల్లబడ్డ కుక్క విషయంలో మీదే సరి, 'మూడు రోజులు చూద్దాం' అని దాన్ని పంపకూడదు. చిగుళ్లు ఎర్రగా ఉన్న కుక్కకు మాత్రం నేను ఆ సాయంత్రమే డాక్సీ మొదలుపెడతాను. కానీ చెవి చుక్క స్లైడు మా దగ్గరా చేయొచ్చు. మరి దాన్ని మర్నాడు బస్సులో పంపితే పనికొస్తుందా?

స్మియర్_స్లైడు

వస్తుంది. గాలికి పూర్తిగా ఆరనిచ్చి, మిథనాల్‌లో 3–5 నిమిషాలు ముంచి, మళ్లీ ఆరబెట్టి కాగితంలో చుట్టండి. ఫ్రిజ్‌లో పెట్టకండి, తేమ పడుతుంది. ఫార్మలిన్ సీసాతో ఒకే డబ్బాలో పంపకండి, ఆ ఆవిరికి రంగు సరిగా పట్టదు. ఈడీటీఏ ట్యూబును మాత్రం ఫ్రిజ్ చల్లదనంలోనే ఉంచి, ఐస్‌కు తగలకుండా గుడ్డ చుట్టి 24 గంటల్లో చేరేలా చూడండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతి వెటర్నరీ కాలేజీల్లో ఏది దగ్గరైతే అక్కడికి. స్లైడు మీద పెన్సిల్‌తో తేదీ రాసి, డాక్సీ ఏ గంటకు మొదలుపెట్టారో చీటీలో రాయండి.