‘ఇంటర్మినబుల్’ అంటే విసుగు ఉండి తీరాలా?

గుంటూరు మిర్చి యార్డు మీద తెలుగులో రాసుకున్న వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. ‘అంతులేని’ అన్న మాట రెండుచోట్ల వచ్చింది: గేటు దగ్గర రైతుల అంతులేని నిరీక్షణ, లోపల మిర్చి టిక్కీల (బస్తాల) అంతులేని వరుసలు. రెండింటికీ ‘ఇంటర్మినబుల్’ అనే రాశాను. చదివిన స్నేహితురాలు మొదటిది ఉంచి, రెండోది కొట్టేసింది. చెవికి నప్పలేదంది, కారణం చెప్పలేకపోయింది.

రెండు నిఘంటువులు తిరగేశాను. హద్దు, ముగింపు అని అర్థమున్న లాటిన్ ‘టెర్మినస్’ దీనికి మూలమని ఒకదానిలో ఉంది. రెండోదానిలో ‘ఎడతెగని’ అని మాత్రమే ఇచ్చారు. ఉదాహరణలన్నీ ఉపన్యాసాలు, ఆలస్యాలే. ‘ఎండ్‌లెస్’ పెట్టి చూస్తే వాక్యం చప్పబడింది. ఆ వరుసలు చూస్తే నాకు విసుగు రాదు, కడుపు నిండినట్లుంటుంది.

చూసి మురిసిపోయే వాటికి కూడా ‘ఇంటర్మినబుల్’ వాడవచ్చా?