సూపర్‌ట్రెండ్ 10, 3 నమ్మొచ్చా?

గోదారిగట్టు:
క్యాష్ మార్కెట్‌లో పెద్ద కంపెనీల షేర్లు, 5 నిమిషాల చార్ట్, సూపర్‌ట్రెండ్ (చార్ట్ మీద పచ్చ, ఎర్ర గీత గీసే సూచిక) 10, 3. గీత పచ్చబడితే కొనడం, ఎర్రబడితే అమ్మి షార్ట్ (చేతిలో లేని షేర్లు ముందు అమ్మి, తర్వాత కొనడం) కూడా చేయడం. పాత చార్ట్ మీద లాభమే కనబడుతోంది. ఇది నిలబడే పద్ధతేనా? "అందరూ పోగొట్టుకుంటారు" అని వెళ్లిపోకండి, ఎందుకో చెప్పండి.

లెక్కలమాస్టారు:
ముందు ఖర్చు వేయండి. లక్ష రూపాయల షేర్లు కొని అదే రోజు అమ్మితే: ఆర్డర్‌కు 20 చొప్పున బ్రోకరేజీ 40, అమ్మకం మీద ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) 0.025 శాతం అంటే 25, ఎక్స్ఛేంజ్ ఛార్జీ 6, స్టాంపు 3, జీఎస్టీ 8. మొత్తం 82. స్లిపేజ్ (అనుకున్న ధరకూ దొరికిన ధరకూ తేడా) రెండువైపులా 0.05 శాతం చొప్పున ఇంకో 100. రోజుకు నాలుగు ట్రేడ్లంటే 728, నెలకు 20 రోజులకు 14,560. అంటే లక్ష మీద నెలకు పద్నాలుగున్నర శాతం సంపాదిస్తే సున్నా దగ్గర ఉంటారు. బ్రోకర్ ఇచ్చే ఐదు రెట్ల మార్జిన్‌తో 20 వేలే పెట్టి ఆడేవాళ్లయితే ఆ సొమ్ము అసలులో ముప్పాతిక.

2022-23లో క్యాష్ ఇంట్రాడే (కొన్న రోజే అమ్మేయడం) చేసిన పదిమందిలో ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 జులైలో చెప్పింది. ఏడాదికి 500 ట్రేడ్లు దాటినవాళ్లలో 80 శాతం. రోజుకు నాలుగు లెక్కన మీవి ఏడాదికి వెయ్యికి దగ్గర.

గ్రీన్‌క్యాండిల్:
మాస్టారూ, ఖర్చు 5 నిమిషాల చార్ట్ తప్పు, సూపర్‌ట్రెండ్‌ది కాదు కదా! అది చేసేది చిన్న పని: క్యాండిల్ (చార్ట్‌లో ఒక్కో వ్యవధి ధరల కడ్డీ) మధ్య ధరకు, గత 10 క్యాండిల్స్ సగటు ఊగిసలాటకు (ఏటీఆర్) మూడు రెట్ల దూరంలో గీత గీస్తుంది. అంటే ధర వెనకే జరిగే స్టాప్‌లాస్ (నష్టం ఆపడానికి బయటికొచ్చే ధర), అంతే. జోస్యం కాదు. డైలీ చార్ట్ మీద సంకేతాలు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వస్తాయి. డెలివరీ (రోజు దాటి షేర్లు ఉంచుకునే) ట్రేడ్లకు ఎస్‌టీటీ రెండువైపులా 0.1 శాతం పడ్డా తట్టుకుంటుంది. ధర ఒకేచోట తిరిగే నెలల్లో మాత్రం గీత అటూ ఇటూ మారి వరసగా దెబ్బలు పడతాయి. పదిలో నాలుగు గెలిచే పద్ధతికి వరసగా ఐదు ఓడే అవకాశం 7.8 శాతం. వంద ట్రేడ్లలో అది ఒక్కసారీ రాకపోతేనే వింత. అక్కడ భయపడి ఆరో ట్రేడ్ వదిలేస్తే పెద్ద లాభం అదే అయి ఉండొచ్చు.

సందేహంశాస్త్రి:
ఆ "పాత చార్ట్ లాభం" సంగతి ఎవరూ అడగరేం? 9:37కి పచ్చబడిన గీత 9:40కి క్యాండిల్ ముగిసేసరికి మళ్లీ ఎర్రబడొచ్చు. పాత చార్ట్‌లో ఆ జాడ ఉండదు. ఎంట్రీ ధరగా తర్వాతి క్యాండిల్ ఓపెన్ వేయండి. హైకిన్ ఆషీ క్యాండిల్స్ మీద అసలు పరీక్షించకండి, అవి సగటు ధరలు, ఆ రేటుకు మీకెవరూ అమ్మరు. ఇవాళ్టి నిఫ్టీ 50 జాబితాతో పదేళ్లు వెనక్కి పోవడమూ మోసమే. 2020 మార్చిలో జాబితా నుంచి పోయిన యెస్ బ్యాంక్ అందులో కనబడదు. ఇక 10, 3 బదులు 12, 2.8 పెట్టి చూడండి. లాభం కాస్తా నష్టమైతే మీకు దొరికింది పద్ధతి కాదు, యాదృచ్ఛికంగా కుదిరిన అంకె.

గోదారిగట్టు:
సరే, డైలీకే మారతాను. రెండు లక్షలుంటే ఒక్కో షేర్‌లో ఎంత?

గ్రీన్‌క్యాండిల్:
ట్రేడ్‌కు ఒక శాతం, అంటే 2,000 పోతే పోనీ అనుకోండి. ధర 620, గీత 604 అయితే తేడా 16. 2,000ను 16తో భాగిస్తే 125 షేర్లు, 77,500. తెల్లారి 590 దగ్గర ఓపెన్ అయితే స్టాప్ పనిచేసినా 3,750 పోతుంది, అందుకే ఒకే రంగంలో మూడు షేర్లు పెట్టకండి.

లెక్కలమాస్టారు:
ఇంకోటి. మీ పరీక్షలో ఎర్ర గీతకు షార్ట్ కూడా ఉందన్నారు. క్యాష్‌లో షార్ట్ ఆ సాయంత్రం లోపే మూసేయాలి, లేకపోతే ఆక్షన్ (ఎక్స్ఛేంజే వేలంలో షేర్లు కొని ఆ ఖర్చు మీ మీద వేస్తుంది). డైలీలో ఎరుపంటే బయటికి రావడమే. ఆ ట్రేడ్లన్నీ తీసేసి మళ్లీ నడిపి, వచ్చిన అంకె ఇక్కడ పెట్టండి.