‘కర కంపిత సాలము’: ఏ చెట్టు, ఏ ఏనుగు?

(మాట్లాడేవాళ్లని వాళ్లుండే బెంగళూరు పేటల పేర్లతో ఇచ్చాం.)

జయనగర్: మా అపార్ట్‌మెంట్ పత్రికకి తెరాయి (హిమాలయాల దిగువ పల్లపు ప్రాంతం) అడవుల మీద వ్యాసం రాస్తున్నా. 2022లో భారత్, నేపాల్ అడవులు, కారిడార్ల (జంతువులు దాటే అడవి దారుల) మీద ఒప్పందం చేసుకున్నాయి కదా, ఆ సంగతి. పైన పెద్దన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు హిమాలయం చూసే పద్యం పెడదామంటే నాలుగో పాదం దగ్గర ఆగిపోయా. కొండ మీద తిరిగే ఏనుగు తొండంతో ఊపే సాలాలున్న శీతశైలం, అంటే మంచుకొండ, అని కదా అక్కడ. ‘కటక చరత్కరేణు’వా, ‘చరత్కరీంద్ర’మా? సాలమంటే అక్కడి సాలవృక్షమేనా (సాల్ చెట్టు), ఉత్త చెట్టా?

మల్లేశ్వరం: కరేణు. గణాలు రెండిటికీ సరిపోతాయి కాబట్టే మీకు తికమక. మీ కరీంద్రం రాయల మీద పెద్దన చెప్పుకున్న ‘తన మదకరీంద్రము నిల్పి’లోంచి వచ్చింది.

మారతహళ్లి: ఆహా, ‘కేలూత యొసగి యెక్కించుకొనియె’! పోయిన రాజును తలుచుకుని ఏడ్చిన పద్యాల్లో దానికి సాటి లేదు.

కోరమంగళ: కరేణువంటే ఆడ ఏనుగు. మందని నడిపేది అదేగా, పెద్దన గమనించాడు.

మల్లేశ్వరం: అంత లాగకండమ్మా. ‘కరేణురిభ్యాం స్త్రీ నేభే’ అన్నాడు అమరకోశంలో అమరుడు. పుంలింగంలో మగదీ అవుతుంది.

జయనగర్: మాస్టారూ, సాలం సంగతి?

మల్లేశ్వరం: ‘అనోకహః కుటః సాలః’ అని చెట్టు పేర్లలో చెప్పాడు అమరుడే. చెట్టు, అంతే. ప్రాకారమనీ ఉంది, ఏనుగు గోడ ఊపిందంటారా?

యలహంక: నేనొప్పుకోను సార్. నేపాల్‌లోని బర్దియా జాతీయ ఉద్యానానికి వెళ్లొచ్చా, ఆ అడవిలో ఎక్కువ భాగం సాలమే. అక్కణ్ణించి మన ఉత్తరప్రదేశ్‌లోని కతర్నియాఘాట్ అభయారణ్యానికి ఏనుగులు దాటే ఖాతా కారిడార్‌ని నిలబెట్టింది నేపాల్ ఊళ్ల అటవీ సంఘాలే. 1993 చట్టం అడవిని వాళ్ల చేతికిచ్చింది. మేత, కట్టెలు ఎంత తెచ్చుకోవాలో కమిటీ కూర్చుని చెబుతుంది. 2024లో ఐక్యరాజ్యసమితి నేపాల్ తెరాయిని పునరుద్ధరణకి మేటి ఉదాహరణల్లో చేర్చింది కూడా. కరేణువు పక్కన సాలం ఊరికే పడిందంటారా?

మారతహళ్లి: ప్రవరుడు దిగింది తెరాయిలో కాదన్నా, శీతశైలం మీద! ఎగిరి వెళ్లడానికి కాళ్లకి పూసుకున్న పాదలేపం మంచుకి కరిగింది. సాలం దిగువ కొండలు దాటి ఎక్కదు.

యలహంక: ‘కటక’ అన్నాడుగా. కొండ నడుము. పైన మంచు, కింద సాలం, ఒకే పద్యంలో రెండూ.

కోరమంగళ: ముదురు సాలం తొండంతో ఊగుతుందా? లేతదే అయ్యుండాలి.

జయనగర్: రేపు ప్రింటుకిస్తున్నా. ‘సాలవృక్షాలు’ అని రాసేయనా?

మల్లేశ్వరం: ‘చెట్లు’ అని రాయండి.

యలహంక: రాయకండి.

మారతహళ్లి: ఇంతకీ ఆ పద్యం మొదటి పాదంలో ‘అంబరచుంబి’ (ఆకాశాన్ని తాకే) దేనికి విశేషణం, శిరస్సుకా, శైలానికా?