కెనడా ప్లాన్: పొలం అమ్మి వెళ్లొచ్చా? మీరు ఎట్లా తేల్చుకున్నారు?

ప్రొద్దుటూరు అబ్బాయి:
పెళ్లై నాలుగేళ్లు, పాపకు రెండేళ్లు. నేను మా బట్టల షాపు చూసుకుంటాను, ఆమె బీటెక్, ఇంటి నుంచే చిన్న ఉద్యోగం. ఇక్కడి కన్సల్టెన్సీ అతను ఏమంటాడంటే, ఆమె కెనడాలో ఏడాది డిప్లొమాలో చేరితే నేను స్పౌజ్ ఓపెన్ వర్క్ పర్మిట్ (చదువుకునేవాళ్ల భర్తకో భార్యకో ఎక్కడైనా పని చేసుకోమని ఇచ్చే అనుమతి) మీద వెంటనే పోవచ్చంట. మైదుకూరు దగ్గర రెండెకరాలు అమ్మితే సరిపోతుంది. పొలం మాటెత్తితే చాలు మా నాయన లేచి బయటికి పోతాడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. వెళ్లినవాళ్లు చెప్పండి.

టొరంటోలో కడపోడు:
అన్నా, ముందు పొలం బేరం ఆపు. 2025 జనవరి 21 నుంచి ఆ రూలు మారింది. చదువుకునేవాళ్ల భర్తకో భార్యకో ఓపెన్ వర్క్ పర్మిట్ రావాలంటే అది కనీసం 16 నెలల మాస్టర్సో, పీహెచ్‌డీనో అయ్యుండాలి. నర్సింగ్ డిగ్రీ లాంటివి కొన్నిటికి ఇస్తారులే, ఏడాది డిప్లొమాకు మాత్రం రాదు. పైగా 2025 సెప్టెంబరు నుంచి ఫీజు కాకుండా ఒక్క మనిషి ఖర్చుకే 22,895 కెనడా డాలర్లు చూపించాలి, కుటుంబంతో అయితే ఇంకా ఎక్కువ. కన్సల్టెన్సీ అతను యూకే అంటాడేమో, అక్కడా 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ వాళ్లు కుటుంబాన్ని తీసుకుపోలేరు.

రాయచోటి:
మా నాయన కువైట్ పోయేటప్పుడు మా అమ్మతో రెండేళ్లే అన్నాడు. అప్పు తీరింది, ఇల్లు లేచింది, తర్వాత అక్క పెళ్లి, అట్లా జరిగి జరిగి పదిహేనేళ్లు. ఎప్పుడు తిరిగి రావాలో, ఎంత చేతికొస్తే చాలో పోకముందే మాట్లాడుకోండి. పోయినాక ఫోన్లో తెగే మాటలు కావు ఇవి.

అనంతపురం అక్క:
పోస్టంతా చదివాను తమ్ముడూ. పొలం ఉంది, మీ నాయన ఉన్నాడు, ఆఖరికి కన్సల్టెన్సీ అతను కూడా ఉన్నాడు. పోయి చదవాల్సిన మనిషి ఏమనిందో ఒక్క ముక్క లేదే! మా ఆయనకు అమెరికా హెచ్1బీ ఉద్యోగ వీసా వస్తే నేను బ్యాంకు ఉద్యోగం మానేసి, భార్యకిచ్చే హెచ్4 వీసా మీద పోయాను. ఆయన గ్రీన్ కార్డు పనిలో కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం అయితేగానీ నాకు వర్క్ పర్మిట్ రాదని పోయినాకే తెలిసింది. మూడేళ్లు ఇంట్లోనే. ఆయన చెడ్డోడేం కాదు, అడగాలని తట్టలేదు, నేనూ చెప్పలేదు.

ప్రొద్దుటూరు అబ్బాయి:
ఆమెకు ఇదంతా చూపించాను. కోర్సు పేరు కూడా తనను అడక్కుండానే రాయించానంది, నిజమే. చదవాలని ఉందంట, పాపను వదిలి మాత్రం పోదంట. రేపు ఇద్దరం కన్సల్టెన్సీకి పోతున్నాం, ఇదివరకే కట్టిన అడ్వాన్సు వెనక్కి అడగాలి.