మ్యూనిక్‌లో ఒక సెమిస్టరు చదవబోతున్న అమ్మాయి దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ప్రశ్న – పెరంబూరు నాన్న

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, చాలా ఏళ్లుగా చెన్నైలో స్థిరపడ్డాం. ఇక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయికి, కాలేజీకి ఉన్న ఒప్పందం మీద జర్మనీలోని మ్యూనిక్‌లో ఒక సెమిస్టరు చదివే అవకాశం వచ్చింది. అక్టోబరులో బయలుదేరుతుంది. క్రిస్మస్ సెలవుల్లో మేమిద్దరం, మా అత్తగారు, బెంగళూరులో ఉంటున్న మా బావమరిది కుటుంబం కలిసి వెళితే అమ్మాయిని చూసినట్టూ ఉంటుంది, నాలుగు ఊళ్లు తిరిగినట్టూ ఉంటుందని అనుకున్నాం. తను మాత్రం పరీక్షలయ్యాకే రమ్మంటోంది. ఆ మాటకు వాళ్లమ్మ చిన్నబుచ్చుకుంది. మరోవైపు, అమ్మాయి తన గదిలో తగిలించుకున్న పటంలో ప్రాగ్, వియన్నా, సాల్జ్‌బర్గ్ అంటూ ఇప్పటికే గుర్తులు పెట్టేసుకుంది. అక్కడ చదివేది ఎంత, తిరిగేది ఎంత అన్న అనుమానం నాకు లేకపోలేదు. పిల్లల్ని ఇలా పంపినవారు, స్వయంగా వెళ్లివచ్చినవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

జవాబు – మారతహళ్ళి తెలుగబ్బాయి

నేను ఆ ఊళ్లోనే ఒక శీతకాలపు సెమిస్టరు చదివి వచ్చానండి. మీ అమ్మాయి మాటే సబబుగా ఉంది. అక్కడ శీతకాలపు సెమిస్టరు కాగితం మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. పాఠాలు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి తొలి సగంలో ముగుస్తాయి, ఆ వెంటనే పరీక్షలు. మన కాలేజీల్లోలాగా ఇంటర్నల్స్ అనీ, హాజరు శాతమనీ వెంటపడేవాళ్లు ఉండరు; చాలా సబ్జెక్టులకు మార్కులన్నీ ఆఖరి పరీక్ష మీదే ఆధారపడి ఉంటాయి కాబట్టి మొదటి రెండు నెలలు తీరికగా గడిచినట్టు అనిపించి, ఆ బాకీ అంతా క్రిస్మస్ సెలవుల్లో తీర్చుకోవలసి వస్తుంది. ఆ సమయంలో ఏడెనిమిది మంది బంధువులు దిగితే ఆ పిల్ల పుస్తకం తెరవలేదు, మీతో మనసారా తిరగనూ లేదు.

పైగా చూడడానికి కూడా అవి మంచి రోజులు కావు. ఊరి నడిబొడ్డున ఉన్న మేరియన్‌ప్లాట్జ్ కూడలిలోని క్రిస్మస్ సంత 24వ తేదీతో ముగిసిపోతుంది, 25, 26 తేదీల్లో దుకాణాలు మూసే ఉంటాయి, నాయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు 24, 25, 31, జనవరి 1 తేదీల్లో సెలవు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది.

తిరుగుడు గురించి మీరు మరీ బెంగపడకండి. అక్టోబరు, నవంబరు వారాంతాల్లో తిరగనివ్వండి. ప్రాంతీయ రైళ్లన్నిటిలో చెల్లే డాయిచ్‌లాండ్ టికెట్ 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై 2025లో 58కి, 2026లో 63కి పెరిగినా, దూరాలు చూస్తే ఇప్పటికీ చవకే. ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్ వరకు దానితోనే వెళ్లిరావచ్చు. ఒక్క జాగ్రత్త: సరిహద్దు దాటేటప్పుడు పాస్‌పోర్టు దగ్గర ఉండాలి, ఎందుకంటే తిరిగి వచ్చే రైళ్లలో పోలీసులు తనిఖీ చేస్తుంటారు. మెకానికల్ చదువుతోంది కనుక ఈసార్ నది ద్వీపం మీద ఉన్న డాయిచెస్ మ్యూజియం అనే సైన్సు, యంత్రాల ప్రదర్శనశాలకు ఒక రోజంతా కేటాయించమనండి. ఆల్టె పినాకోథెక్ చిత్రశాలలో ఆదివారం ప్రవేశం ఒక్క యూరో. నాజీలు 1933లో తెరిచిన డాఖావు నిర్బంధ శిబిరం ఊరి లోకల్ రైలెక్కితే చేరేంత దగ్గర; కోటలు ఎన్ని వదిలేసినా అది వదలకూడదని నేను పట్టుబట్టి చెబుతాను.

జవాబు – అణ్ణానగర్ అమ్మ

అన్నయ్యగారూ, వదినగారిని బాధపడవద్దని చెప్పండి. మా అబ్బాయి కూడా ఇలాగే అన్నాడు, మేము పరీక్షలయ్యాక మార్చిలో వెళ్లాం. ఇక్కడ ఉన్నన్నాళ్లూ విప్పిన చొక్కా మడతపెట్టని పిల్లవాడు, ఆదివారం కొట్లు ఉండవని శనివారమే కూరలు తెచ్చి పెట్టుకోవడం, ఖాళీ సీసాలు సంచిలో వేసి తీసుకెళ్లి డిపాజిట్ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం చూసి ఆయన నోట మాట రాలేదు. టెగెర్న్‌జే సరస్సుకు బయలుదేరిన రోజు జరిగింది చెబుతాను. ఖాళీగా ఉందని మేము ఏదో పెట్టెలో ఎక్కి కూర్చున్నాం. వాడు తలుపు మీది బోర్డు చదివి, “అమ్మా, హోల్జ్‌కిర్షెన్‌లో ఈ రైలు విడిపోతుంది, ఈ పెట్టెలు బైరిష్‌త్సెల్ వైపు వెళ్లిపోతాయి, లేవండి” అంటూ మమ్మల్ని ముందు పెట్టెలోకి నడిపించాడు. క్రిస్మస్‌కు వెళ్లి ఉంటే వాడికి అది అంత ధీమాగా చేతనయ్యేది కాదేమో. మొదటి రెండు నెలలు ఫోనులో గొంతు డీలాగానే ఉండేది. రోజూ వీడియో కాల్ అడగడం మానేసి, ఆదివారం మాత్రమే తీరిగ్గా మాట్లాడుకోవాలని పెట్టుకున్నాక వాడూ తేరుకున్నాడు, నేనూ తేరుకున్నాను.

ఆవకాయ, కరివేపాకు పొడి నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. మన దేశం నుంచి పాల పదార్థాలు, మాంసం ఐరోపా సమాఖ్యలోకి తేకూడదు.

జవాబు – బెంగళూరు అధ్యాపకుడు

ఇక్కడ ఎవరూ క్రెడిట్ల సంగతి ఎత్తలేదు. అక్కడ సెమిస్టరుకు మామూలుగా 30 క్రెడిట్లు, ఒక్కొక్కటి 25 నుంచి 30 గంటల శ్రమ. ఏ సబ్జెక్టు ఇక్కడి దేనికి సమానమో బయలుదేరే ముందే లెర్నింగ్ అగ్రిమెంటులో రాయించి శాఖాధిపతి సంతకం తీసుకోవాలి. అక్కడికి వెళ్లాక సబ్జెక్టు మారిస్తే ఆ మార్పుకూ ఈమెయిల్‌లో ఆమోదం ఉండాలి. వాళ్ల మార్కుల్లో 1.0 అత్యుత్తమం, 4.0 వస్తే ఉత్తీర్ణత. ఈ లెక్కను ఇక్కడి గ్రేడుగా ఎలా మారుస్తారో కూడా ముందే అడిగి తెలుసుకోమనండి.

పెరంబూరు నాన్న

అందరికీ కృతజ్ఞతలు. అధ్యాపకులవారు చెప్పిన సంతకం విషయం మాకు తట్టనే లేదు, సోమవారం కాలేజీకి వెళ్తున్నాం. మార్చి మొదట్లో వెళ్లడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు, బావమరిది తప్ప. ఆయనకు సెలవు డిసెంబరులోనే దొరుకుతుందట. మా వీసాలకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి? అత్తగారికి మోకాళ్ల నొప్పులు, కోట చూడగలరా?

మారతహళ్ళి తెలుగబ్బాయి

షెన్‌గెన్ వీసాకు, అంటే జర్మనీ, ఆస్ట్రియా వంటి చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసాకు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. అపాయింట్‌మెంట్లు తొందరగా దొరకవు కనుక నవంబరులోనే పని మొదలుపెట్టండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. బావమరిది గారు డిసెంబరులోనే వెళ్లేటట్టయితే ఆ కుటుంబాన్ని వియన్నాకో ప్రాగ్‌కో వెళ్లమనండి, మీ అమ్మాయి ఒక వారాంతం రైలెక్కి వచ్చి కలిసి వెళుతుంది. నాయ్‌ష్వాన్‌స్టైన్ దగ్గర కింది ఊరి నుంచి అరగంటకు పైగా ఎత్తు ఎక్కాలి, మంచు పడితే పైకి తీసుకెళ్లే బస్సులు ఆపేస్తారు. అత్తగారికి అది శ్రమ. ఆవిడను సరస్సు ఒడ్డుకు తీసుకెళ్లండి, కోటను ఎవరైనా ఇద్దరు చూసి వస్తే చాలు.